నడుంపట్టీ లేని కిల్టు

మా ఆఫీసు ఏసీ తగ్గించమని ఎవరిని అడగాలో నాకింకా తెలియదు. ఆ చలిలోనే వార్షికోత్సవ నాటకంలో నన్ను స్కాట్లాండ్ సిపాయిని చేసి, మోకాళ్లు కనిపించే గళ్ల కిల్టు, అంటే అక్కడి మగవాళ్లు కట్టే కుచ్చిళ్ల పావడా, కట్టుకు రమ్మన్నారు.

కుట్టిపెట్టమని మా కింది వాటాలోని అక్కను అడిగాను. జిగణిలో గార్మెంట్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ప్యాంట్లకు నడుంపట్టీలు మాత్రమే కుట్టి, మానేసిన మనిషి. ఏ పని చెప్పినా ముందు నడుము నొక్కుకుని, నిట్టూర్చి, ఆ తర్వాతే ఒప్పుకునేది. ఈసారి వెంటనే ఒప్పుకుంది.

“ఒక్క బట్టన్నా మొదలు నుంచి కడాకు నేనే కుట్టాలని ఉండాది అప్పా.”

మిషన్ ముట్టలేదు. గడికి గడి కలిపి కుచ్చిళ్లన్నీ చేత్తోనే కుట్టింది. అన్ని రోజులూ నడుము సంగతే మరిచిపోయినట్టుంది.

నాటకం ముందురోజు వెళ్తే నడుంపట్టీ ఒక్కటే మిగిలి ఉంది. పట్టీ గుడ్డ ఒళ్లో పెట్టుకుని, దారం ఎక్కించిన సూదితో ఊరికే కూర్చుని ఉంది.

“ఇంక పట్టీయే కదక్కా, మీరు కళ్లు మూసుకుని కుట్టేస్తారు,” అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

సూదిని గుడ్డకు గుచ్చి, కిల్టుతో సహా నా చేతిలో పెట్టింది.

“ఇది నువ్వే కుట్టుకో పో. నేను కుట్టాల్సిన నడుంపట్టీలన్నీ ఫ్యాక్టరీలోనే అయిపొయినాయి.”