వేన్నీళ్ల ఘట్టం

డ్రోహెడా అనే ఈ ఐరిష్ ఊళ్లో మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి ట్రాయ్ యుద్ధాన్ని బుర్రకథగా రాశాను. ఎవరూ అడగలేదు, నేనే ఎగబడి రాశాను. "గ్రీకు కథకి బుర్రకథేంటమ్మా?" అని ఒక అంకుల్ వెక్కిరించారు. యుద్ధమూ, మోసమూ, మొండితనమూ ఉన్నాక బుర్రకథకి ఇంకేం కావాలట?

వంత పాడటానికి తొమ్మిదేళ్ల మా అమ్మాయి. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. "భళా" అనమంటే "గ్రాండ్" అనేది.

"నీ గ్రాండు పాడుగానూ, భళా అనవే!" అని అరిచేదాన్ని.

అరవడానికి అసలు కారణం అది కాదు. రొమ్ములో గడ్డ తగిలితే మా ఫ్యామిలీ డాక్టరు నన్ను ఆసుపత్రికి పంపింది. వాళ్లు చిన్న ముక్క తీసి పరీక్షకిచ్చి, శుక్రవారం సాయంత్రంలోపు ఫోన్ చేస్తామన్నారు. మా ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పిల్లకి అసలే చెప్పలేదు. ఏమని చెప్పను?

ఆ శుక్రవారం ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, అది బడి నుంచి రాగానే వంటింట్లో రిహార్సల్ మొదలుపెట్టాను. మా ఆయన ఇంకా లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసులోనే ఉన్నారు. ఆ రోజు వేన్నీళ్ల ఘట్టం. ట్రాయ్ వీరుడు కోట బయట చచ్చిపడి ఉంటాడు, గోడ మీది జనమంతా చూస్తూనే ఉంటారు. ఆ సంగతి తెలియని భార్య అతని స్నానానికి నీళ్లు కాగబెట్టిస్తూ ఉంటుంది.

"ట్రాయి కోట లోపలేమో తందాన తాన
నీళ్లు కాచె వీరపత్ని తందాన తాన..."

ఇక్కడ అమ్మాయి వంత అందుకోవాలి. అందుకోలేదు.

"పాడవే!" అన్నాను, ఫోన్ వంకే చూస్తూ.

"వాల్ మీద నుంచి అందరూ చూశారు కదా. మరి ఆవిడకెందుకు చెప్పలేదు?"

తెలుగులో అడిగింది! ఇంకో రోజైతే ఎగిరి గంతేసేదాన్ని.

"బాధపడుతుందని చెప్పలేదేమో."

"నాకు కూడా అందుకే చెప్పట్లేదా?" అంది. "నువ్వు బాత్రూమ్‌లో ఏడవడం నాకు వినిపిస్తుంది అమ్మా. ఎవ్రీ డే."

ఇన్నాళ్లూ కుళాయి విప్పి ఏడిస్తే వినబడదనుకున్నాను, తెలివితక్కువదాన్ని. దాన్ని దగ్గరికి లాక్కుని, తెలిసినంతా చెప్పాను. తెలియనిదే ఎక్కువని కూడా చెప్పాను.

అంతా విని, కళ్లు తుడుచుకుని, "వాళ్లు ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టు" అంది.

ఏం చెబుతారోనని భయమే. అయినా సరేనన్నాను.