శ్లోకం చివర ఆమెన్

నిన్న పొద్దున మంగళగిరి వెళ్తుంటే ఆటో ఒక గవర్నమెంటు బడి ముందు ఆగింది. నీళ్లు చల్లిన మట్టి వాసన, లోపల ప్రేయర్. బడిలో టీచరే దేవుడి పాట పాడించడం సబబేనా అని నా పక్కనున్న ఇద్దరూ వాదించుకుంటున్నారు. నాకు మన బడి ప్రేయర్ గుర్తొచ్చింది.

మన బ్యాచ్ వాళ్లకు గుర్తుందా, గంటకు బదులు వేలాడే రైలు పట్టా ముక్క? అది మోగగానే తెలుగు మాస్టారు సరస్వతి శ్లోకం చెప్పేవారు, మనం అందుకునేవాళ్లం. చర్చికి వెళ్లే వాళ్లింటి పిల్ల కరుణ నా ముందు నిలబడేది. శ్లోకం అయ్యాక మెల్లగా "ఆమెన్" అనేది. ఎందుకని అడిగాను.

"అలా అంటే యేసయ్యకి చేరుద్దంట. మా అమ్మ చెప్పింది."

వినడానికి బాగుందని నేనూ అన్నాను. నెల తిరక్కుండా లైనంతా అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు అది మాస్టారి చెవిన పడింది. "ఎవర్రా మొదలెట్టింది?" అన్నారు. కరుణ జడ రిబ్బన్లు వణకడం వెనకనున్న నాకే కనిపించింది. మాస్టారు లైనంతా ఓసారి చూశారు.

"సరే, రేపట్నించి శ్లోకం వద్దు. కళ్లు మూసుకుని ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోండి."

మర్నాడు బడంతా నిశ్శబ్దంగా నిలబడింది. కాసేపటికి మాస్టారు "ఇక చాలు" అన్నారు. అలవాటు కొద్దీ లైనంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.

నోరు విప్పనిది కరుణ ఒక్కతే.