మా చెల్లె నిలబడాలా వద్దా

మా చెల్లె చేపల సంఘానికి అధ్యక్షురాలిగా నిలబడాలా వద్దా అని మా ఊళ్లో ఒక ఎండాకాలమంతా మాట్లాడుకున్నారు. చాయ్ హోటల్ దగ్గర, చెరువు కట్ట మీద, చివరికి దినాల భోజనాల్లో కూడా అదే ముచ్చట. తేల్చింది మాత్రం నేను. మా ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదానికి కూడా నా మాట చెల్లదు. అలాంటిదాన్ని, ఊరంతా కలిసి తేల్చలేనిది ఒక్క పూటలో తేల్చేశాను.

మాది శామీర్‌పేటకీ మేడ్చల్‌కీ మధ్య చిన్న ఊరు. ఊరికో చెరువు. శామీర్‌పేట చెరువులాగా దీని కట్ట మీద కార్లు ఆపి ఫొటోలు దిగేవాళ్లు ఎవరూ రారు. కానీ చేపలు పట్టే ఇళ్లన్నిటికీ అదే ఆధారం. నా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆ ఊళ్లోనే, మధ్యలో మూడు సందులు. మా బాపు, మా మామ చిన్నప్పటి నుంచి ఒకే తెప్ప మీద తిరిగిన దోస్తులు. ఆ దోస్తీ కొద్దీ మామ నన్ను కోడలిగా చేసుకున్నాడు. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆయన సంఘం అధ్యక్షుడు. ఎన్నికలంటే మా దగ్గర ఒక పెద్దమనిషి లేచి ఆయన పేరు చెప్పడం, మిగతావాళ్లు చేతులెత్తడం, తర్వాత అందరూ చాయ్ తాగడం. అంతే.

మా బాపుకి మేమిద్దరం ఆడపిల్లలమే. కళ్లు మసకబారి ఇక వల పట్టలేనని తెలిశాక, సంఘంలో తన సభ్యత్వం చెల్లెకి రాయమన్నాడు. ఆడపిల్లకి సభ్యత్వమేమిటని మగవాళ్లంతా గొణిగారు. అప్పుడు మా మామే లేచి, "నా దోస్తు పాలు ఆగం గానియ్య. పిల్లకియ్యుండ్రి," అన్నాడు. గొణుగుడు ఆగిపోయింది. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే మీరు మా మామని వేరేలాగా అనుకుంటారు.

చెల్లె పొద్దున్నే తెప్ప మీద వెళ్లి వలలు చూసుకుని వచ్చి, తల స్నానం చేసి, మేడ్చల్ బస్సెక్కి కాలేజీకి పోయేది. అలా డిగ్రీ పూర్తి చేసింది. నేను పదో తరగతితో ఆగిపోయాను. దానికి పేపరు చదివే అలవాటు, చదివింది పక్కవాళ్లకి చెప్పే అలవాటు, ఎవరైనా "మొదటి నుంచీ ఇంతే" అంటే "ఎందుకింతే" అని అడిగే అలవాటు ఉండేవి. ఈ మూడో అలవాటే గొడవంతా తెచ్చింది.

మా దగ్గర చేపలు పంచే పద్ధతి ఒకటుంది. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గాక అందరూ కలిసి పెద్ద వల లాగుతారు. పడ్డ చేపల్ని కట్ట మీద సభ్యులెంతమందో అన్ని కుప్పలు పోస్తారు. ఒకాయన కుప్పల వైపు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకరు ఒక్కో కుప్ప మీద కర్ర పెట్టి "గిది ఎవలిది?" అంటారు. వెనక్కి తిరిగినాయన నోటికి వచ్చిన పేరు చెబుతాడు. ఎవరి పేరు వస్తే ఆ కుప్ప వాళ్లది. ఆయనకి కుప్ప కనబడదు కాబట్టి పక్షపాతం ఉండదు. ఆ వీపు తిప్పి నిలబడే పని ఎప్పుడూ మా మామదే. దాని గురించి మా ఊళ్లో ఎవరూ ఎన్నడూ తగవు పడలేదు, మేం అది చెప్పుకుని గర్వపడేవాళ్లం.

ఆ ఏడాది పంపకాలు జరుగుతుంటే మొగుళ్లు పోయిన ముగ్గురు ఆడవాళ్లు ఎప్పటిలాగే కట్ట చివర ఖాళీ తట్టలు పెట్టుకుని కూర్చున్నారు. మగపిల్లలు లేని ఇంట్లో మగమనిషి పోతే ఆ ఇంటి కుప్ప కూడా పోతుంది. పంపకాలయ్యాక ఎవరైనా దయతలచి నాలుగు చిన్న చేపలు వాళ్ల తట్టలో వేస్తే వేసినట్టు. చెల్లె తన కుప్ప ముందు నిలబడి అంది:

"మామా, నువ్వు ఎనకకు తిరిగి పిలుస్తవు, ఎవలకు అన్యాయం గాదు. నిజమే. గని పిలువని పేర్లు ఏవేవో నీకు ఎరుకనే గద."

మా మామ ఇటు తిరిగాడు. పంపకం మధ్యలో ఆయన ఇటు తిరగడం నేనెప్పుడూ చూడలేదు. చెల్లె వైపు చూశాడు, కట్ట చివర కూర్చున్న ఆడవాళ్ల వైపు చూడలేదు. మళ్లీ అటు తిరిగి తర్వాతి పేరు పిలిచాడు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. సంఘంలో పడుచువాళ్లు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, ఈసారి చెల్లె నిలబడాలన్నారు. మొగుడు పోయిన ఆడవాళ్లకి కూడా చేపల్లో పాలు రావాలని, చేతులెత్తడం కాదు చీటీలు వేయాలని, చెరువులోకి నీళ్లొచ్చే కాలువ పక్కన ప్లాట్లు అమ్మే వెంచర్ల వాళ్లు పాతుతున్న రాళ్ల సంగతి ఎవరో ఒకరు అడగాలని రాశారు. వద్దన్నవాళ్లు చెల్లెని తిట్టలేదు. తిడితే నాకే కోపం వచ్చి దాని పక్కన నిలబడేదాన్నేమో. వాళ్లంతా దాన్ని మెచ్చుకున్నారు. "హుషారు పిల్ల. గని ఇంకా ముప్ఫై నిండలే. ఇప్పుడే ఏం తొందర? వచ్చేసారి జూద్దాం." నాకూ ఆ మాట చాలా మర్యాదగా, పెద్దరికంగా వినబడింది. ఆ వచ్చేసారి వరకూ చెరువు ఉంటుందా అని అడగాలని మాకెవరికీ తోచలేదు.

మా ఇంట్లో మామ ఒక్క మాట అనలేదు. నేను అన్నం పెడితే రెండు ముద్దలు తిని "సాలు బిడ్డా" అని చెయ్యి కడుక్కునేవాడు. వారం రోజులు అలాగే. మా ఆయన మాత్రం అన్నాడు. "మా నాయిన పెట్టిచ్చిన సభ్యత్వంతోని మా నాయిన మీదనే నిలవడ్తదా నీ చెల్లె? రేపు ఆయన కట్ట మీద ఏం మొకం పెట్టుకోని నడుస్తడు?" రోజూ వండి పెట్టే ఇల్లు ఒకవైపు, తోడబుట్టింది ఒకవైపు. నేను భయపడ్డాను.

భయమొక్కటే అయితే ఇక్కడ రాయడానికి ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. ఆ రోజుల్లో ఎవరెవరో నా దగ్గరికి వచ్చి "నీ చెల్లె ఏమంటాంది?" అని అడిగేవాళ్లు. నేనేమంటున్నానో అడిగినవాళ్లు లేరు. చిన్నప్పుడు దానికి జడలు వేసింది నేను, ముక్కు తుడిచింది నేను. ఇప్పుడు దాని కబురు కనుక్కోవడానికి నేనొక గుమ్మాన్ని అయ్యాను. నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు చెబుతున్నాను కానీ అప్పుడు దానికి కుటుంబం పరువు అని పేరు పెట్టుకున్నాను.

ఇంకో నాలుగు రోజుల్లో ఎన్నిక అనగా చెల్లె మా ఇంటికి వచ్చింది. చేతిలో కవర్లో రెండు కొరమట్టలు. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. వెనక వాకిట్లో కూర్చుని చేపలకి బూడిద రాసి బండకి రుద్దుతోంది. దాని చేతులు అప్పుడెందుకో నెమ్మదిగా కదులుతున్నాయి. నేను వారం రోజులుగా కూడగట్టుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాను. మామ అన్నం మానేశాడన్నాను. నా కాపురం ఏం గావాలని అన్నాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు సగం నిజం. తర్వాత దాని చెయ్యి లాక్కుని నా తల మీద పెట్టుకున్నాను.

"నిలవడనని నా మీద ఒట్టెయ్యి."

"గీ ఒట్లు నేను నమ్ముతనా అక్కా?"

"నువ్వు నమ్మకు. నేను నమ్ముత గద. నువ్వు మాట తప్పితే నేను సస్త."

అది నా మొహంలోకి కాసేపు చూసింది. సర్పంచ్‌తో వాదించే పిల్ల, బస్సు ఆపకపోతే కండక్టర్‌తో వాదించే పిల్ల, నాతో ఒక్క మాట వాదించలేదు. "సరే" అంది. చెయ్యి తీసుకుని మిగిలిన చేప కూడా శుభ్రం చేసి, ముక్కలు కోసి, గిన్నెలో పెట్టి వెళ్లిపోయింది. కూర తినిపొమ్మంటే ఆకలి లేదంది. నా తలంతా బూడిద, చేప పొలుసులు. అద్దంలో చూసుకుని కడుక్కుంటూ, ఇంత తొందరగా ఒప్పుకుంటుందనుకోలేదే అనుకున్నాను. సంతోషపడ్డాను. ఆ సాయంత్రం మామ కడుపునిండా తిన్నాడు.

ఎన్నిక ఏకగ్రీవమైంది. చెల్లె కూడా చెయ్యెత్తింది. వాట్సాప్ గ్రూపులో పిల్లలు నాలుగు రోజులు మొత్తుకుని ఊరుకున్నారు. భయపడ్డదని కొందరన్నారు. వాళ్లక్క మామతో చెల్లె లోపల్లోపల బేరం కుదుర్చుకుందని కొందరన్నారు. మొగుడు పోయిన ఆ ముగ్గురూ దానితో మాట్లాడడం మానేశారు. రేషన్ షాపు లైన్లో నా ముందే ఆ మాటలు నడిచేవి. నేను సంచీ సర్దుకుంటూ నిలబడేదాన్ని. ఒట్టు సంగతి అది ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకీ బాపుకీ కూడా. నేనూ చెప్పలేదు. అది మర్యాద కొద్దీ చెప్పలేదు, నేను పిరికితనం కొద్దీ చెప్పలేదు.

ఆ వానాకాలంలోనే వెంచర్ వాళ్లు కాలువకి అడ్డంగా గోడ కట్టారు. చెల్లె అర్జీ రాసుకుని మండలాఫీసుకి వెళితే, నువ్వెవరమ్మా, సంఘం అధ్యక్షుడి సంతకం, ముద్ర ఉండాలి కదా అన్నారట. మా ఇంటికి వచ్చి మామని అడిగింది. "పెద్దోళ్లతోని పెట్టుకుంటే మనం బతుకుతమా బిడ్డా? బతుకమ్మ పండుగ ఎల్లినంక జూద్దాం," అన్నాడు. పండుగ వెళ్లిపోయింది. ముద్ర మా బీరువాలో చీరల కింద ఉంటుందని నాకు తెలుసు. ఆ రోజు చెల్లె వెళ్లిపోతూ నా వైపు చూస్తే, నేను పొయ్యి దగ్గర పని ఉన్నట్టు లోపలికి పోయాను.

వాన నీళ్లు రాలేదు. పైన లేచిన కాలనీల మురుగు మాత్రం దారి వెతుక్కుని వచ్చింది. తర్వాతి ఎండాకాలం ఒక పొద్దున చెరువంతా తెల్లగా తేలింది. చిన్నవీ పెద్దవీ అన్ని చేపలూ పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. మగవాళ్లు మొహాలకి తువ్వాళ్లు కట్టుకుని వాటిని కట్ట మీద కుప్పలు పోశారు. ఆ కుప్పలు ఎవరివని ఎవరూ అడగలేదు. జేసీబీ తెచ్చి గుంట తవ్వి పూడ్చారు. మా మామ కట్ట మీదే కూర్చుండిపోయాడు. ఆయన్ని లేపి ఇంటిదాకా నడిపించుకు వచ్చింది చెల్లే.

ఇప్పుడు కొందరు అత్వెల్లి దగ్గర గోదాముల్లో పనికి పోతున్నారు, కొందరు మేస్త్రీల వెంట. చెల్లె బౌరంపేటలో ఒక స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని చేస్తోంది. పేపరు చదువుతుంది కానీ చదివింది ఎవరికీ చెప్పదు.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఎవరికీ ఆ కుర్చీ అక్కరలేదు. మా మామే ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మా పుట్టింటికి బయలుదేరాడు. నన్నూ రమ్మన్నాడు. చెల్లె అప్పుడే పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మామ అరుగు మీద కూర్చుని తల వంచుకునే అన్నాడు, "తప్పయింది బిడ్డా. అప్పుడే నీకు ఇడిసిపెట్టేదుండె. గిప్పుడన్న నువ్వు నిలవడు. నీ మాట ఇంటరు, ఏదన్న ఒకటి చేస్తవు."

చెల్లె చెంబు వంచి రెండో కాలు కడుక్కుంది. నేనిక ఆగలేకపోయాను. అందరి ముందూ చెప్పేశాను, అది భయపడి తప్పుకోలేదని, బేరాలేవీ జరగలేదని, నా తల మీద దాని చెయ్యి పెట్టించుకుని నేనే ఆపానని. మామ తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు చెల్లె," అన్నాను. "నిలవడు."

"ఒట్టు ఎప్పుడో పోయిందక్కా," అంది మెల్లగా. "చేపలు సచ్చిన దినమే తీసేసుకున్న. మామా, నాకు పొద్దుగాల అయిదింటికి బస్సుంటది. నాతోని గాదు." లోపలికి వెళ్లి అందరికీ చాయ్ పెట్టి తెచ్చింది. వాళ్లు తాగి, గ్లాసులు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

నేను ఉండిపోయాను. గ్లాసులు కడుగుతున్న దాని పక్కన కూర్చుని, నా మీద కోపముందా అని అడిగాను. ఉందంటే బాగుండుననిపించింది నాకు.

"కోపమేంది," అంది అది. "కొరమట్టలు తెచ్చిన దినం నేను నిలవడాల్నా వద్దా అని నిన్ను అడుగుదామనే వచ్చిన. అందరు నిలవడు నిలవడు అంటుండ్రు, నాకేమో మస్తు భయమైతాంది. మూడు దినాలు నిద్రలే. మామ మీద ఎట్ల నిలవడాలె, ఓడిపోతే ఎట్ల. నువ్వు ఒక్కసారి నిలవడు అని అంటే నిలవడ్తుంటి. వేరే ఎవలు చెప్పినా నాకు ధైర్యం రాలే. నువ్వు ఒట్టు ఎయ్యమన్నంక, ఇగ అదే నయమనిపిచ్చింది."

గ్లాసులు బోర్లించి చేతులు తుడుచుకుంది. ఊరంతా అది నిలబడాలా వద్దా అని ఎండాకాలమంతా మాట్లాడుకున్నాం. దానికి భయంగా ఉందేమో అని ఎవరమూ అడగలేదు. నేను దాని అక్కని, నేను కూడా అడగలేదు.