అక్కకు మాత్రమే చెప్పిన గుండెదడ

నెలసరికి ముందు కొన్ని రోజులు నా గుండె నా మాట వినేది కాదు. కూర్చున్నదాన్ని లేస్తే చాలు, దడదడ కొట్టుకునేది. అరచేతులు చల్లబడి చెమట పట్టేవి. చెవుల్లో హోరు, కళ్ల ముందు నల్లటి తెర. గోడ పట్టుకుని నిలబడితే కాసేపటికి సర్దుకునేది. నెలసరి వచ్చి వెళ్లాక మళ్లీ మామూలు మనిషినే.

డెబ్బైల చివరి మాట. మాది రాజోలు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇలాంటివి నాన్నగారితో చెప్పుకునేవి కావు కనుక అక్కతో చెప్పాను. అక్క మామిడికుదురులో టీచరు. బావ గల్ఫుకి వెళ్లాక ఇద్దరు పిల్లలతో మా ఇంట్లోనే ఉంటూ రోజూ బస్సులో బడికి వెళ్లొచ్చేది. నేను చెప్పింది విని నా తల ఒళ్లో పెట్టుకుంది. ఉప్పు కలిపిన మజ్జిగ తాగించింది.

"ఎవరికీ చెప్పకక్కా" అన్నాను.

"పిచ్చిదానా, నేనెవరికి చెప్తానే!" అంది.

ఇంటరు పాసయ్యాక నాకు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. తెల్ల చీరలు కొనుక్కున్నాను. చర్చిలో నా కోసం ప్రార్థన కూడా చేశారు. తీరా బయలుదేరే వారం నాన్నగారు పిలిచి, "వెళ్లొద్దులేమ్మా" అన్నారు.

"ఏమైందండీ?"

"నీకు ఫిట్స్ వస్తున్నాయంట కదా. అక్క చెప్పింది. రోగుల్ని చూడాల్సిన చోట నువ్వే పడిపోతే ఎలాగ? రావట్లేదని వాళ్లకి కబురు పంపించేసేను."

పెరట్లో పిల్లకి జడ వేస్తోంది అక్క.

"ఫిట్సని ఎందుకు చెప్పేవక్కా?"

"నీ మంచికే చెప్పేను." నా వైపు తిరగలేదు. జడకి రిబ్బను ముడేస్తూ, "నువ్వెళ్లిపోతే వీళ్లనెవరు చూస్తారు, నువ్వే చెప్పు" అంది.

ఫిట్స్ మాట అప్పటికే ఊళ్లో పాకింది. నాకేమీ లేదని అందరికీ చూపించాలనుకున్నాను. ఈస్టరు ఆరాధనలో ముందు వరుసలో నిలబడి పాడాను. ఖర్మకొద్దీ అవి ఆ రోజులే. పాట సగంలో ఉండగా గుండె ఎగిరెగిరి పడింది. బెంచీ పట్టుకోబోయి కింద పడిపోయాను. ఫిట్సే అనుకుని ఎవరో నా గుప్పిట్లో ఇనప తాళాలగుత్తి పెట్టారు. కళ్లు తెరవలేకపోయినా వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"పాపం, అక్కగారు చెప్పింది నిజమేనండి."

"ఆయ్, నిజమేనండి."

నా ఒళ్లు కూడా అక్క పక్షానే సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత నన్ను పెళ్లిచూపులు చూడ్డానికి వచ్చేవాళ్లు వీధి మొదట్లోనే సంగతి విని వెనక్కి పోయేవారు. నేను అక్క పిల్లల్ని పెంచాను.

ఎనభైలు సగమయ్యాక, అక్క చిన్నకూతురికి జ్వరమొస్తే అమలాపురం తీసుకెళ్లాను. డాక్టరమ్మగారి గదిలో కుర్చీలోంచి లేస్తూ తూలాను. ఆవిడ నన్ను బల్ల మీద పడుకోబెట్టి నాడి చూశారు, మళ్లీ నిలబెట్టి చూశారు. ఎప్పుడెప్పుడు ఇలా అవుతుందో అడిగారు. పడిపోయినప్పుడు నాలుక కరుచుకున్నానా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా అని కూడా అడిగారు. లేదన్నాను. నర్సు ట్రైనింగు మానిపించిన సంగతీ చెప్పాను.

"ఇవి ఫిట్స్ కాదమ్మా. గుండె వేగం, చెమట, రక్తనాళాలు బిగుసుకోవడం, ఇవన్నీ మనం చెప్పకుండానే నడిపించే నరాలు కొన్ని ఉంటాయి. నెలలో హార్మోన్లు మారినప్పుడల్లా వాటి తీరూ మారుతుంది. కొందరికి నెలసరి దగ్గర పడేసరికి లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండె కంగారు పడి పరుగెడుతుంది. నీళ్లు బాగా తాగు. నెమ్మదిగా లే. ట్రైనింగు మానుకోవలసిన జబ్బేం కాదు."

బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికొచ్చి ఆవిడ చెప్పిందంతా అక్కకి చెప్పాను. ఆశ్చర్యపోతుందనీ, ఇన్నాళ్లూ పొరబడ్డానని బాధపడుతుందనీ అనుకున్నాను.

అక్క బియ్యం ఏరుతూనే ఉంది.

"ఫిట్స్ కాదని నాకు తెలుసే. పెళ్లికి ముందు నాకూ అలాగే వచ్చేది."

తెలియక చేసిందని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాన్నగారికి అంతా చెప్పాను. ఆయన తల వంచుకుని, "ఒక్కసారి డాక్టరుకి చూపించాల్సింది నిన్ను" అన్నారు. ట్రైనింగుకి వయసు దాటిపోయింది. ఆ డాక్టరమ్మగారి ఆసుపత్రిలోనే పనికి కుదిరాను. బయలుదేరిన రోజు అక్క నా సంచీ పట్టుకుని, "పిల్లలు బెంగెట్టుకుంటారే" అంది. నేను సంచీ విడిపించుకుని బస్సెక్కాను.

ఇప్పటికీ కలుస్తాం, పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం. "ఒంట్లో ఎలా ఉంటోందే?" అని అడుగుతుంది అక్క. బాగానే ఉందంటాను.