పిన్ని గొంతు

మా ఆఫీసులో ఆవిడని పిన్ని అనేవాళ్ళం. నిజానికి ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. తోబుట్టువులు లేరు, మొగుడికి అన్నలూ లేరు. అయినా ఆరు దేశాల్లో కొన్ని వేలమందికి ఆవిడే పిన్ని. ఈ సంగతులన్నీ రాయమని నా వెంటపడింది ఆవిడ అత్తగారు. ఆవిడ మాట కాదనే ధైర్యం నాకు లేదు.

ఆ ఆరు దేశాల్లోనూ హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మందులు ఉచితంగా ఇస్తారు. ఏ దేశం కార్యక్రమం ఆ దేశానిదే. దాతలిచ్చే డబ్బు ఆరింటికీ పంచడం, ఒకచోట మందులు నిండుకుంటే పక్క దేశం నుంచి సర్దడం, పనికోసం సరిహద్దు దాటినవాళ్ళ వైద్యం మధ్యలో తెగిపోకుండా చూడడం మా ఆఫీసు పని. పేరు ఎంత పొడుగంటే బోర్డు మీద రెండు వరుసలు పట్టింది. లోపల చూస్తే ఆఫీసు నడిపే ఒక పెద్దాయన, కాళ్ళు సరిగా నిలవని బల్లలు, నీళ్ళు కారే ఏసీ, నడవా చివర ఫోన్ల గది. అంతే.

ఫోన్ల గదిలో పిన్నిదీ నాదీ పక్కపక్క కుర్చీలు. మందులకి రావడం మానేసినవాళ్ళని మాట్లాడి మళ్ళీ రప్పించాలి. ఈ మందులు ఆపగానే ఏమీ కాదు, అదే వీటితో వచ్చిన చిక్కు. మనిషి లక్షణంగా ఉన్నాననుకుంటాడు. లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. ఆలస్యంగా తిరిగొస్తే ఒక్కోసారి పాత మందు పనిచేయదు. కొందరు అసలు తిరిగే రారు. మేం ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఎవరో ఎత్తి, ఆయన పోయారండీ అనేవారు. అప్పుడు పిన్ని ఆ పూటంతా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఫోన్ ఎవరు ఎత్తుతారో ముందు తెలియదు. భార్య ఎత్తచ్చు, ఇంటి ఓనరు ఎత్తచ్చు. అందుకని జబ్బు పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ నోటంట రాకూడదు. చుట్టాల్లాగా మాట్లాడాలి. ఆ మాటలు కూర్చింది పిన్నే. "బాగున్నారా? నేను పిన్నిని. మీ సరుకు వచ్చి ఉంది, తీసుకెళ్ళండి. మీరు వచ్చేదాకా ఎదురుచూస్తూనే ఉంటాను." ఆ మాటలే ఆరు దేశాల్లోని ఫోన్ల గదుల్లోనూ పాఠం అయ్యాయి.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మా ఊరివాళ్ళకి మేం ఫోన్ చేయకూడదు. పక్క దేశపు గదివాళ్ళు మా ఊరికి చేసేవారు, మేం వాళ్ళ ఊళ్ళకి చేసేవాళ్ళం. భాష ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరి గొంతూ ఎవరికీ ఎరుకైనది కాకూడదని అలా పెట్టుకున్నాం.

ఒక ఏడు దాతలు చెయ్యి బిగించారు. ఆరు దేశాల పెద్దలూ కూర్చుని ఫోన్ల గదులన్నీ ఎత్తేసి, ఒకే గొంతు రికార్డు చేయించి, మిషను చేత ఫోన్లు చేయిద్దామని తీర్మానించారు. అందరి నోటా వచ్చిన పేరు ఒకటే, పిన్ని. నన్ను తీసుకెళ్ళి సమావేశాలకి టికెట్లు కొనే బల్ల దగ్గర కూలేశారు. అంతమంది తెలివైనవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా మాట్లాడుకున్నా, సొంత ఊరికి ఫోన్ చేయకూడదన్న కట్టుబాటు సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా ఇద్దరికీ కూడా తట్టలేదు, అది వేరే సంగతి.

రికార్డింగు గది గోడలకి దుప్పట్లు కొట్టారు. పిన్ని చేత వాక్యాలు చదివించలేదట, ముక్కలు చదివించారట. మీ. మీరు. సరుకు. వచ్చి ఉంది. ప్రతి ముక్కా మామూలుగా ఒకసారి, నవ్వుతూ ఒకసారి. తరవాత మిషను వాటిని ఎలా కావాలంటే అలా అతుక్కుంటుందన్నారు. "నేనెప్పుడూ అనని మాటలు కూడా నా చేత అనిపిస్తుందట అక్కా," అని నాతో చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మిషను ఫోన్లు మొదలుపెట్టాక మొదటి వింత బస్సులో జరిగింది. కిటికీ పక్కనున్న ఒకాయనతో పిన్ని, "కాస్త జరుగుతారా?" అంది. ఆయన జరగలేదు. తల తిప్పి ఆవిడ ముఖం చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. చేతిలో సంచి కింద పడింది. తీసుకోకుండానే లేచి, జనాన్ని తోసుకుంటూ దిగిపోయాడు. పాపం, ఏం గుర్తొచ్చిందో అనుకుంది పిన్ని. తరవాత చెప్పుల దుకాణంలో కొలత చూస్తున్నామె చెయ్యి పిన్ని మాట వినగానే ఆగిపోయింది. బ్యాంకు వరసలో ముందున్న అమ్మాయి మెడ బిగుసుకుంది, వెనక్కి మాత్రం తిరగలేదు.

"అక్కా, ఎవరికి జబ్బుందో నాకు తెలిసిపోతోందే," అంది ఒకరోజు నా బల్ల దగ్గరకొచ్చి, రహస్యంగా. "నేనేమీ అడగట్లేదు. టైమెంతండీ అంటే చాలు. పదిమందిలో ఒక్కరు బొమ్మలా అయిపోతారు. వాళ్ళని నేను పట్టించినట్టే కదా?"

అప్పటినుంచి బయట మాట్లాడడం మానేసింది. బస్సులో వేళ్ళు చూపించి టికెట్టు తీసుకునేది, కూరగాయలకి సైగలు చేసేది. మౌనవ్రతమా అని ఆఫీసులో ఆటపట్టించాం. గలగలా మాట్లాడే మనిషి నోరు కట్టేసుకుని తిరుగుతుంటే, అదే గొంతు ఆరు దేశాల్లో తనంతట తాను మాట్లాడుతూ తిరిగింది. రాత్రీ పగలూ లేదు, జలుబూ అలుపూ లేవు. 

ఇంట్లో మాత్రం మాట్లాడేది. ఇంట్లో ఎవరున్నారు? రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే మొగుడు, అత్తగారు. ఆ అత్తగారి నోరు మామూలు నోరు కాదు. గిన్నె బోర్లించడం దగ్గర్నుంచి తలుపు గడియ దాకా కోడలికి పాఠాలే. అలాంటిది ఉన్నట్టుండి సాధింపులు మానేసింది. పిన్ని మొదట సంతోషించింది. తరవాత గమనిస్తే ఆవిడ తన ముఖం చూడట్లేదు, నోరు చూస్తోంది. "అత్తయ్యా" అని పిలిస్తే గోడ పట్టుకుంటోంది. పిన్ని వంటింట్లోకి వస్తే ఆవిడ పెరట్లోకి. పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. జాకెట్టు చేతులు వదులయ్యాయి, దగ్గు పట్టుకుంది, పొద్దుగూకితే జ్వరం. పెద్దతనం అన్నాడు మొగుడు. నెలనెలా మోకాళ్ళ డాక్టరు దగ్గరికని వెళ్ళే మనిషి అదీ మానేసింది. తీసుకెళ్తానంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నా," అనేది.

"ఆవిడ చిక్కిపోతోంది అక్కా, కళ్ళముందే," అని పిన్ని ఏడ్చింది. "తిట్టినా బాగుండును."

ఒక సెలవునాడు మధ్యాహ్నం అత్తగారు స్నానానికి వెళ్ళింది. ఆవిడ సెల్‌ఫోను వంటింటి గట్టు మీద మోగింది. పెద్దవాళ్ళ కోసం చేసిన ఫోను అది, అంకెలు పెద్దవి, మాట గట్టిగా వినిపిస్తుంది. పిన్ని ఎత్తి హలో అంది.

"బాగున్నారా? నేను పిన్నిని."

 పిన్ని ఫోను చెవి నుంచి తీసి ఓసారి చూసింది. తన గొంతే, నవ్వుతూ రికార్డు చేసిన రకం.

"మీరు రాక చాలా రోజులైంది. మీ సరుకు వచ్చి ఉంది. మీరు వచ్చేదాకా ఎదురుచూస్తూనే ఉంటాను."

ఆ గొంతు ఎవరికి ఫోన్ చేస్తుందో ఆరు దేశాల్లోకీ బాగా తెలిసిన మనిషి పిన్ని. మోకాళ్ళ డాక్టరు ఎవరో ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఇంట్లోవాళ్ళకి ఎప్పటికీ తెలియకూడదని మాటలు కూర్చిన మనిషే ఇప్పుడు ఆ ఇంట్లోమనిషైంది. ఫోను పెట్టేసి ఏమీ ఎరగనట్టు ఊరుకోవాలి, అదే తను అందరికీ నేర్పిన పద్ధతి. ఊరుకుంటే అత్తగారు దక్కదు.

వెనక తలుపు చప్పుడైంది. తడి జుట్టుతో అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరూ ఫోను పెట్టేయకపోతే మిషను మొదటినుంచి మళ్ళీ చెబుతుంది. బాగున్నారా, అంది గొంతు. పిన్ని పెదవులు బిగించుకుని ఉంది.

"చూశావా," అంది అత్తగారు, చాలా నెమ్మదిగా. "ఇప్పుడూ అంతే. నోరు కదలట్లేదు."

"అత్తయ్యా, ఇది నేను కాదు."

"మరెవరే?"

"నేనే. కానీ నేను కాదు."

పిన్ని ఫోను ఆపేసి, అత్తగారిని అక్కడే పీట మీద కూర్చోబెట్టి, మొత్తం చెప్పింది. దుప్పట్ల గది, ముక్కలు, మిషను, తన ఉద్యోగం అసలు ఏమిటన్నది కూడా. ఇన్నేళ్ళూ ఫోన్ల పని అని తప్ప ఇంట్లో చెప్పలేదు.

అత్తగారు తల తుడుచుకుని తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. తరవాత ఆవిడా చెప్పింది. "ఒక నెల మందులకి వెళ్ళడం నాలుగురోజులు ఆలస్యమైంది. మొదటిసారి ఫోనొచ్చినప్పుడు నువ్వు ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతున్నావు. చెవిలో నువ్వు, ఎదురుగా నువ్వు. ఎదురుగా ఉన్నదానివి పలకట్లేదు, చెవిలో ఉన్నదానివి రమ్మంటున్నావు. ఎక్కడికే రమ్మనేది? మా అమ్మ పోయేముందు కూడా ఇలాగే, తెలిసిన గొంతు ఎవరిదో పిలుస్తోందనేది. ఇంకోసారి అనుకున్నా, నీకు నా సంగతి తెలిసిపోయింది, ఇంట్లోంచి పొమ్మనలేక ఆడిస్తున్నావని. ఏదైతేనేం, ఆ గొంతు రమ్మన్న చోటికి మాత్రం పోకూడదనుకున్నా."

"మందులు ఆపేశారా?"

"ఆపేశా." తడి జుట్టు ముడి వేసుకుంటూ, "అయినా నువ్వు నాకు పిన్నివేమిటే, నా ఖర్మ కాకపోతే," అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆవిడకి ఎలా వచ్చిందని పిన్ని అడగలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం మా ఉద్యోగంలో మొదటి పాఠం.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి పాత మందు ఇంక లాభం లేదన్నారు. ఇంకో రకం కావాలి, అది మా దేశంలో నిండుకుంది, పక్క దేశంలో ఉంది. పిన్ని పెద్దాయన గదికి వెళ్ళి రెండే మాటలు అంది. ఆ మందు తొందరగా సర్దాలి. మా ఊరికి నా గొంతు వద్దు. రెండో మాట వినగానే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారట. మర్చిపోయిన కట్టుబాటు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరికి అని అడగలేదు. మందు తేవడానికి ఆయనే సరిహద్దు దాకా వెళ్ళారు, టికెట్టు నేనే కొన్నాను. ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ రోజు పోయింది. మిగతా సగం ఎందుకు పోలేదంటే, గొంతు మార్చాలంటే ఆరు దేశాలూ ఒప్పుకోవాలి, అందాకా మిషను ఆగదు. పోయిన సమావేశంలో దాని గొప్పలు తెర మీద చూపించారు. తిరిగొచ్చినవాళ్ళు ఎక్కువయ్యారట, నిజమే అయి ఉంటుంది. ఆ గొంతుకి దడుచుకుని పారిపోయినవాళ్ళు ఎందుకు పారిపోయామో చెప్పడానికి రారు కదా.

కొత్త మందు ఒంటికి పడింది. నెమ్మదిగా ఆవిడ కోలుకుంది. సాధింపులు తిరిగొచ్చాయని పిన్ని నాకు శుభవార్తలా చెప్పింది. ఆసుపత్రికి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. బస్సులో మాటలన్నీ అత్తగారివే. పిన్ని నోరు మెదిపేది కాదు.

ఒకసారి ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. అత్తగారు ముందుకి తూలింది. "అత్తయ్యా, జాగ్రత్త!" అని పిన్ని కేకేసింది.

ముందు సీట్లో ఒకతను వెనక్కి తిరిగాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు, చొక్కా హేంగరుకి వేసినట్టుంది. అతని కళ్ళు పిన్ని నోటి మీద నిలిచిపోయాయి. ఎందుకు చూస్తున్నాడో పిన్నికి తెలుసు, చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే అతను లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. స్టాపు రాగానే దిగాడు.

"ఆపు బాబూ, దిగాలి," అని అత్తగారు కూడా లేచింది.

పిన్ని చెయ్యి పట్టుకోబోయింది.

"నువ్వు రాకు. నోరెత్తకు," అంది అత్తగారు. "నీ గొంతు వింటే పరిగెత్తుతాడు. నా గొంతు అతనికి తెలీదు."

బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి పిన్ని చూసింది. అతను గబగబా నడుస్తున్నాడు. మోకాళ్ళు పట్టుకుంటూ ఆవిడ వెనకాలే వెళ్తోంది, ఏదో పిలుస్తోంది. ఒకచోట అతను ఆగాడు. ఆ తరవాత బస్సు మలుపు తిరిగింది.

దీపాలు పెట్టే వేళకి గానీ ఆవిడ ఇల్లు చేరలేదు. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏం మాట్లాడారని అడిగింది.

"నీ గురించే. నీ మీద చాడీలు చెప్పా," అంది అత్తగారు చెప్పులు విడుస్తూ. "ఆ గొంతుకి నేనెంత భయపడ్డానో చెప్పా. అతనూ చెప్పాడు. అతనికి ఆ గొంతు చచ్చిపోయిన అక్క గొంతులా వినిపించిందట, వాళ్ళక్క రమ్మంటోందనుకున్నాడు. మిషనే నాయనా, గొంతు మా కోడలిది, బతికే ఉంది, కూరలో ఉప్పెక్కువ వేస్తుందని చెప్పా."

"మందులకి వస్తానన్నాడా?"

"చూస్తానన్నాడు. రేపు మళ్ళీ ఆ స్టాపు దగ్గరికి వెళ్ళి కూర్చుంటా," అని ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.