బ్రేకు రోజు బెంచీ మీద

అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదని మా ఇంట్లో అందరికీ కోపం. ఆఫీసులో ఉండగా అమ్మ పనిచేసే ఆరోగ్య కేంద్రం నుంచి నర్సక్క ఫోన్ చేసింది. "అమ్మ కుర్చీలోనే ఒరిగిపోయింది పాపా, బిరీన రా" అంది. కుందలహళ్ళి ట్రాఫిక్‌లో ఆటో కదలక, దిగి నడిచి, ఇంకో ఆటో ఎక్కి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఏడుపు రాలేదు. మూడో నాడు అమ్మ కేసు చూసే లాయరుగారికి ఫోన్ చేశాను. అది విని అమ్మమ్మ బంధువుల ముందే అనేసింది: "నా బిడ్డ చితి ఆరలేదు, దీనికప్పుడే కోర్టులో వచ్చే సొమ్ము మీద కన్ను పడింది." నాన్న కాదనలేదు.

అమ్మ వర్తూరు పక్కన ఒక చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు డాక్టరు. నేను స్కూలుకు వెళ్లకముందు చేరింది. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఆమెది కాంట్రాక్టే. ఏటా గడువు ముగియగానే ఒక రోజు ఆమె ఉద్యోగంలో లేనట్టు చూపించి, మర్నాడు కొత్త ఆర్డరు ఇచ్చేవారు. సర్వీసు తెగకుండా సాగిందని ఎవరూ పర్మనెంటు అడగకూడదని ఆ ఏర్పాటు. దాన్ని బ్రేకు రోజు అంటారు.

ఆ రోజు కూడా అమ్మ వెళ్లేది. కానీ హాజరు పుస్తకంలో సంతకం పెట్టేది కాదు, డాక్టరు కుర్చీలో కూర్చునేది కాదు. వరండాలో పేషెంట్ల బెంచీ మీద వాళ్ల మధ్యే కూర్చుని నాడి చూసేది, దగ్గు వినేది, ఏం చేయాలో నర్సక్కకు చెప్పేది. స్కూలు లేకపోతే నన్నూ తీసుకెళ్లేది. ఒకసారి పూలమ్మే అవ్వ అడిగింది:

"ఏం డాక్టరమ్మా, ఈడ కూసున్నావు? నీకూ జ్వరమా?"

"ఈరోజు నేను డాక్టర్ని కాదవ్వా. రేపు మళ్ళీ అవుతాను."

"ఆ గౌర్మెంటోళ్లకు తల ఉండాదా? నా మోకాలు ఈ పొద్దే నొస్తా ఉండాది, చూడు తల్లీ."

అమ్మ నవ్వుకుంటూ మోకాలు పట్టి చూసింది. "నేను పర్మనెంటు కాకపోయినా నా పేషెంట్ల షుగరు పర్మనెంటే" అనేది ఎవరైనా జాలిపడితే.

ఎట్టకేలకు పర్మనెంటు పోస్టులు పడేసరికి అమ్మకు వయసు దాటిపోయింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఆమెకు పై అధికారిగా వచ్చింది. ఆ అమ్మాయి అమ్మను మేడం అనడం మానలేదు, అమ్మ ఆమెకు డబ్బాలో చిత్రాన్నం తీసుకెళ్లడం మానలేదు. కానీ ఆ అమ్మాయి వచ్చిన వారమే అమ్మ, తనలా మిగిలిపోయిన మరికొందరితో కలిసి, తమనూ పర్మనెంటు చేయమని కోర్టుకెక్కింది.

వాయిదాల మీద వాయిదాలు. చివరిసారి నేనూ వెళ్లాను. ఈమె సర్వీసు మధ్యమధ్యలో తెగింది, ఆ రోజుల్లో రాలేదనడానికి సంతకం లేకపోవడమే సాక్ష్యం అన్నాడు ప్రభుత్వ లాయరు. బయటికొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎలాగూ పని చేశావు కదమ్మా, ఒక్క సంతకం గీకేస్తే నీ సొమ్మేం పోయేది?"

"ఉద్యోగంలో లేని రోజు ఉన్నానని ఎలా పెడతానే? అబద్ధం కదా."

"మరి బెంచీ మీద చేసిందేంటి?"

"వాళ్లొచ్చారు, నేనున్నాను. అంతే." కోర్టు మెట్లు దిగుతూ అంది: "ఇన్నేళ్లు ఎక్కడున్నానో ఇప్పుడు ఎవరికో రుజువు చేసుకోవాలా, చెప్పు."

తర్వాతి వాయిదా రాకముందే అమ్మ పోయింది.

వారసులెవరూ చేరకపోతే ఆమె వరకు కేసు ముగిసిపోతుందని లాయరుగారు అన్నారు. నాన్న మాత్రం, "ఆ కేసే మీ అమ్మను తినేసింది. పోయిన మనిషికి పర్మనెంటేందమ్మా, నలుగురూ నవ్వుతారు. వదిలెయ్" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. గెలుస్తామన్న నమ్మకం నాకూ లేదు. లాయరుగారికే లేదు. కానీ ఇప్పుడు వదిలేస్తే, ఆమె అప్పుడప్పుడు వచ్చిపోయిన మనిషి అన్న మాటే ప్రభుత్వం దగ్గర మిగిలిపోతుంది. ఇంక కాదనడానికి ఆమె లేదు.

సోమవారం లాయరుగారి ఆఫీసుకు వెళ్తున్నాను. కేసులో అమ్మ స్థానంలో నా పేరు చేరుస్తున్నాను.