ఇసుక కడిగే రేవు

భాద్రపదం వరదలో పడవ తిరగబడి, మా ఐదేళ్ళ పిల్లను గోదావరి పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి నేను ఆ నదిని తల్లి అనడం మానేశాను. కార్తీకంలో నీరు తీశాక, పడవ మునిగిన చోటి నుంచి రాజమహేంద్రవరం దాకా ఒడ్డు వెంటే నడుస్తానని నా భార్య పట్టుబట్టింది. ఇంకేం దొరుకుతుందని కసిరాను. కసిరి, వెనకాలే నడిచాను.

రెండో రోజు పొద్దున్న ఒక పాత రేవు వచ్చింది. ఒకప్పుడు అక్కడ ఊరు ఊరంతా ఇసుక కడిగి బంగారు రజను తీసేదట. ఇప్పుడు ఒక్క ముసలమ్మే మిగిలింది. చెక్క పళ్ళెంలో ఇసుక తిప్పుతూ, ఒడ్డంతా కళ్ళతో వెతుకుతున్న నా భార్యను చూసింది.

"ఏం పోయింది తల్లీ?"

"నా బంగారం పోయిందవ్వా. ఈ గోదారే పట్టుకుపోయింది."

ముసలమ్మ పళ్ళెం పక్కన పెట్టి లేచింది. "ఊరుకో తల్లీ. బంగారం బరువు కదా, ఎంతో దూరం పోదు. నేనూ వెతుకుతాను. ఎంతుంటుందేంటి?"

నా భార్య అరచేతిని తన నడుము ఎత్తున గాలిలో ఆపింది.

"ఇంతుంటుంది."